కరెంటు పోయిన ఎపిసోడ్లు

"నా కడుపున పుట్టిన బిడ్డే... నేను పాలిచ్చి పెంచిన బిడ్డే... నన్ను చూసి లోకమంతా నవ్వేలా చేసిందా...!"

వెంకటరావమ్మ టీవీ ముందు కుప్పకూలిపోయింది. కూలేముందు చాప పరుచుకుంది. అప్పుడే ఇల్లు తడిబట్ట పెట్టి తుడిచిందాయె! కళ్ళ వెంట నీళ్ళు ధారలుగా కారిపోతున్నాయి. ఆ కన్నీళ్ళ మధ్యనే, అలవాటు కొద్దీ, రిమోట్‌ని పాలిథిన్ కవర్లో దూర్చి రబ్బరు బ్యాండు వేసింది.

అసలు గొడవంతా ఆ కవరుతోనే వచ్చింది!

లోకల్ కేబుల్లో ఒక కొత్త సినిమా ప్రకటన వేస్తున్నారు. పేరు "బ్రేక్ తర్వాత ఏడుద్దాం". టీవీ సీరియళ్ళను ఆటపట్టించే హాస్య చిత్రం. ఆ ప్రకటనలో ఒక బొద్దుపాటి ఇల్లాలు రిమోట్‌ని కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేస్తుంది. సీరియల్లో కోడలి పెళ్ళయితే టీవీ మీద అక్షింతలు చల్లుతుంది. ఆ కోడలు నెల తప్పితే చలిమిడి చేసి టీవీ ముందు పెడుతుంది. ఇవన్నీ వెంకటరావమ్మ చేసినవే! చలిమిడితో సహా! ఆ చలిమిడిని తర్వాత ఆమె భర్త బుల్లయ్య తిన్నాడు. ఆ సంగతి మాత్రం సినిమావాళ్ళు పెట్టలేదు.

ఇంతకూ ఆ సినిమాకు మాటలు రాసింది ఎవరనుకున్నారు? హైదరాబాదులో హాస్టల్లో ఉంటున్న ఆమె ఒక్కగానొక్క కూతురు హారిక!

మర్నాడు పొద్దున్నే బుల్లయ్య అక్క శేషారత్నం పర్చూరు నుంచి మొదటి బస్సుకు దిగింది. ఎవరైనా పోతే ఎలా వస్తారో అలాగే వచ్చింది, చేతిలో పళ్ళ సంచితో సహా.

"ఎంత పని జరిగిందమ్మా వెంకటరావమ్మా! మా వీధిలో అందరూ అడుగుతున్నారు, ఆ టీవీకి అక్షింతలేసే ఆవిడ మీ మరదలేనంట గదా అని. కాదని ఎట్టా చెప్పను? మీ ఇంటికి చుట్టపుచూపుకొచ్చి నేనూ రెండు గింజలేశానాయె!"

"వదినా...!" అంటూ వెంకటరావమ్మ ఆమె భుజం మీద వాలిపోయింది.

"ఏడువమ్మా, ఏడువు. ఏడిస్తే బరువు దిగిద్ది. కాస్త అటు జరిగి ఏడువు, నాది పట్టుచీర."

బుల్లయ్య వసారాలో పులిలా తిరుగుతున్నాడు. "నేను మొత్తుకుంటానే ఉన్నా, ఆడపిల్లకి సినిమాలేందని! ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో నా పేరు చెపితే మిరపకాయ గుర్తొచ్చేది. ఇయ్యాల చలిమిడి గుర్తొస్తంది!"

అంతలో ఫోను మోగింది. హారికే. వెంకటరావమ్మ గిర్రున తిరిగి, "అమ్మ లేదని చెప్పండి!" అని అరిచింది. ఆ అరుపు హైదరాబాదుకు ఫోను లేకుండానే వినబడి ఉంటుంది.

బుల్లయ్య రిసీవరు చెవికి ఆనించుకున్నాడు. వెంకటరావమ్మ కోపంగా వచ్చి అదే రిసీవరుకు అవతలి వైపు చెవి ఆనించింది.

"నాన్నా, అమ్మకి కోపం వచ్చిందని తెలుసు..." హారిక గబగబా అంది. "ప్రకటన చూసి అనుకోవద్దను. శుక్రవారం చిలకలూరిపేటలో రిలీజు. మార్నింగ్ షోకి అమ్మని తీసుకెళ్ళండి. సినిమా మొత్తం చూశాక కూడా అమ్మ వద్దంటే ఈ పని మానేస్తాను. ఇంటికొచ్చేసి మీరు చూసిన సంబంధం చేసుకుంటాను. ఒట్టు!"

బుల్లయ్య ఫోను పెట్టేసి అక్క వైపు చూశాడు. శేషారత్నం తమ్ముడి వైపు చూసింది. పర్చూరులో ఎరువుల కొట్టున్న కుర్రాడి ఫోటో ఆమె పర్సులో నాలుగు నెలలుగా నలుగుతోంది.

"ఏమేవ్," అన్నాడు బుల్లయ్య, పెళ్ళయిన కొత్తల్లో కూడా అననంత మెత్తగా, "నీకు సినిమా చూపించి ఎన్నాళ్ళైందే పాపం!"

అలా, భార్య మనసు ఎంత గాయపడితే అంత మంచిదన్న ఆశతో బుల్లయ్య ఆమెను సినిమాకు బయలుదేరదీశాడు.

ఇక్కడ పాఠకులకు ఒక రహస్యం చెప్పాలి. వెంకటరావమ్మకు, హారికకు తప్ప మూడో మనిషికి తెలియని రహస్యం... అని వెంకటరావమ్మ అనుకుంటున్న రహస్యం.

హారిక హైస్కూల్లో ఉన్న రోజుల మాట. మిరపకాయలు కల్లంలో ఎండాక తొడిమలు తియ్యడానికి ఆడకూలీలు కావాలి. ఊళ్ళో అందరికీ ఒకేసారి కావాలి. ఎవరిచ్చినా కూలి ఒకటే. కానీ ఆదెమ్మ, రసూల్‌బీ, వాళ్ళ జట్టంతా బుల్లయ్య కల్లానికే వచ్చేవాళ్ళు. కారణం బుల్లయ్య మంచితనమని బుల్లయ్య అనుకునేవాడు. కారణం "మౌనిక మెట్టినిల్లు"! రాత్రి టీవీలో చూసిన ఆ సీరియల్‌ను పొద్దున వెంకటరావమ్మ కల్లంలో కూర్చుని, కాయలు తుంచుతూ, పూసగుచ్చినట్టు చెప్పేది. అందరి కళ్ళూ నీళ్ళు కారేవి. మౌనిక కష్టాలకో, మిరప ఘాటుకో ఎవరూ విడదీసి చూసుకోలేదు.

అంతా బాగానే ఉండేది, ఆ ఏడు కరెంటు కోతలు మొదలయ్యేదాకా. సరిగ్గా మౌనిక మెట్ల మీంచి జారేవేళకు కరెంటు పోయేది! మర్నాడు పొద్దున ఆదెమ్మ, "ఆ తర్వాతేమైందమ్మా?" అంది. తెలియదంటే ఎలా? రేపట్నుంచి ఈ జట్టు వేరే కల్లానికి పోతే ఆ కాయల గతేమిటి? పైగా ఊళ్ళో మొట్టమొదటి కలర్ టీవీ వాళ్ళదాయె! వెంకటరావమ్మ ఒక్క క్షణం ఆలోచించింది... దగ్గింది... ఆ తర్వాత మౌనికకు మతి పోగొట్టింది.

ఆ రోజు మొదలు, కరెంటు పోయినప్పుడల్లా మౌనిక బతుకు వెంకటరావమ్మ చేతుల్లోనే ఉండేది. ఆమెకు తెలిసింది మిరప చేలూ, వంటిల్లూ. అందుకని బంగళాలో ఉండే అత్తగారు ఆస్తి కాగితాలు మిరపకాయల బస్తాలో దాచేది. మౌనిక కోర్టుకు పోతూ పోతూ వడియాలు ఎండలో పెట్టి పోయేది. హారిక పక్కనే కూర్చుని, లెక్కల పుస్తకం తలకిందులుగా పట్టుకుని, నోరు తెరుచుకుని వినేది. రాత్రి టీవీ నల్లగా ఉన్న సంగతి ఆ పిల్లకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం వచ్చింది. చిలకలూరిపేట హాల్లో వెంకటరావమ్మ ఒక పక్క భర్త, మరో పక్క ఆడపడుచు కాపలాతో బాల్కనీలో కూర్చుంది. కింద బెంచీల్లో పెద్ద గోల. తొంగి చూస్తే ఆదెమ్మ, రసూల్‌బీ, జట్టు జట్టంతా! "మన హారికమ్మ సినిమా" అని ట్రక్ ఆటో మాట్లాడుకుని వచ్చారట.

సినిమా మొదలైంది. రిమోట్ కవరుకు హాలు నవ్వింది. అక్షింతలకు హాలు నవ్వింది. చలిమిడికి ఈలలు వేసింది. ప్రతి నవ్వూ వెంకటరావమ్మ గుండెలో సూదిలా దిగింది. శేషారత్నం ఆమె చెయ్యి నిమురుతూ, "తట్టుకోలేకపోతున్నావు గదూ?" అంది తృప్తిగా. బుల్లయ్య ముందుకు వంగి, "ఏడుపొస్తందా?" అని ఆశగా అడిగాడు.

"వస్తోందండీ..." అంది వెంకటరావమ్మ. నిజంగానే వచ్చింది. ఇరవయ్యేళ్ళు పెంచింది ఇందుకా తల్లీ... అని మనసులో బావురుమంది.

ఇంటర్వెల్ అయింది. తర్వాత తెర మీద, ఆ బొద్దుపాటి ఇల్లాలు చూసే సీరియల్లో, కోడలు మెట్ల మీంచి జారింది. మతి పోయింది. ఫారిన్ డాక్టర్లు వచ్చి పెదవి విరిచారు. చివరికి ఇంట్లో పనిమనిషి గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. కోడలు దగ్గింది. ఒక్కసారిగా లేచి కూర్చుంది...

వెంకటరావమ్మ ముందుకు వంగింది. ఇది... ఇది టీవీలో రాలేదు. ఏ టీవీలోనూ ఎప్పుడూ రాలేదు!

తెర మీద కోడలు ఇంకా నోరు తెరవనే లేదు. కింద బెంచీల్లోంచి ఆదెమ్మ గొంతు గంటలా మోగింది.

"పొయ్యి మీద పాలు దించారా అత్తయ్యా?"

ఆ వెంటనే తెర మీద కోడలు కళ్ళు తెరిచి అంది, "పొయ్యి మీద పాలు దించారా అత్తయ్యా?"

హాలు గొల్లుమంది. అత్తగారు జవాబు చెప్పేలోగా ఈసారి రసూల్‌బీ అందుకుంది. "విషం కలపడం వరకే నా పని! దించడం నీ పని!"

అత్తగారు తెర మీద అక్షరం పొల్లుపోకుండా అదే అంది. జనం తెర వదిలేసి బెంచీల వైపు తిరిగారు. ఇక జట్టంతా లేచి నిలబడింది. ప్రతి మాటా ముందు వాళ్ళు, తర్వాత తెర. ఎవరో కుర్రాడు కేకేశాడు.

"ఏందమ్మోయ్, ఇయ్యాలే గదా రిలీజు! మీకెట్టా తెలుసు?"

"మా యెంకట్రావమ్మ గారి కల్లంలో ఎప్పుడో రిలీజైంది రా అబ్బాయ్! అదిగో, బాల్కనీలో కూకుంది!"

హాలంతా తలలెత్తి పైకి చూసింది. చప్పట్లు... ఈలలు... వెంకటరావమ్మకు ఎటు చూడాలో తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవడానికే పెట్టుకుంది. తీరా పెట్టుకున్నాక నవ్వొచ్చింది. ఆపుకుంటే ఎక్కువైంది. తను చెప్పిన మాటకు తనే పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

బయటకొచ్చాక ఆదెమ్మ పరుగున వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. వెంకటరావమ్మ తల దించుకుంది. "ఆదెమ్మా... అదీ... ఆ రోజు టీవీలో..."

"టీవీలో యాడొచ్చిందమ్మా!" ఆదెమ్మ పకపకా నవ్వింది. "ఊరంతటికీ కరెంటు పోతే మీ ఒక్క ఇంటికీ ఉంటదా?"

"అయితే... మీకు తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. కరెంటున్న రోజు మీరు చెప్పే కథ సప్పగా ఉండేది. అందుకని కరెంటు పోవాలని నేను ఆదివారం చర్చిలో ప్రార్థన చేసేదాన్ని. ఈ రసూల్‌బీ దర్గాలో మొక్కుకునేది!"

ఇన్నేళ్ళ కాపురంలో వెంకటరావమ్మ వంటను మెచ్చుకున్నవాళ్ళున్నారు, ఓర్పును మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఆమె మాట కోసం దేవుణ్ణి వేడుకున్నవాళ్ళున్నారని ఇప్పుడే తెలిసింది!

వెనక్కి తిరిగితే బుల్లయ్య తుండుగుడ్డతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదే. ఘాటు."

"సినిమా హాల్లో మిరపకాయలెక్కడివండీ?"

"తెర మీద కాల్చారు గదే!" అని కసిరాడు బుల్లయ్య. కాసేపాగి, పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషితో, "మా ఆవిడే," అన్నాడు. అతను అడగలేదు. ఆ తర్వాత సోడా బండి వాడికీ చెప్పాడు.

శేషారత్నం పర్సు తెరిచి ఎరువుల కొట్టు కుర్రాడి ఫోటోను మరో అరలోకి మార్చింది. "మా పెద్దాడపడుచు కూతురుంది, అడిగి చూస్తా," అంది నిట్టూర్చి. "అయినా వెంకటరావమ్మా, సినిమాలో ఆ అత్తగారు మిరపకాయల బస్తాలో ఆస్తి కాగితాలు దాచింది చూడు... అది నేను మీ ఇంట్లో చేసిన పనేగా?"

"అవును వదినా," అంది వెంకటరావమ్మ.

హాలు పక్కన ఎస్టీడీ బూత్‌లో బుల్లయ్యే నంబరు తిప్పి రిసీవరు భార్య చేతికిచ్చాడు. అవతల హారిక ఎత్తీ ఎత్తగానే, ఊపిరి బిగబట్టి, "అమ్మా... చూశావా?" అంది.

వెంకటరావమ్మ రిసీవరును రెండు చేతులా పట్టుకుంది. నా తల్లీ, నా బంగారూ అనాలనుంది. నన్ను చూసి నవ్వారనుకున్నానే, నా మాటకు నవ్వారే అని చెప్పాలనుంది.

చివరికి పెదవి బిగించి, నవ్వు ఆపుకుని అడిగింది. "పొయ్యి మీద పాలు దించావుటే?"

అవతల హారిక బావురుమంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఫోనులో తెలియలేదు.

"ఏడిచింది చాలు. పోయి పని చూసుకో," అంది తల్లి. "ఈసారి రాసేటప్పుడు నన్నడుగు. ఆ అత్తగారికి ఇంకా మంచి మాట ఉంది నా దగ్గర."

ఆ రాత్రి సీరియల్ సమయానికి కరెంటు శుభ్రంగా ఉంది. కొత్త కోడలెవరో కొత్త మెట్ల మీంచి జారబోతోంది. వెంకటరావమ్మ కవర్లోంచి రిమోట్ తీసి టీవీ కట్టేసింది.

మర్నాడు కల్లంలో ఎర్రటి కాయల రాశి చుట్టూ జట్టంతా చేరింది. ఆదెమ్మ ఓరగా చూసింది.

"రాత్రి ఏమైందమ్మా సీరియల్లో? కరెంటు పోలేదుగా?"

"మా ఇంట్లో పోయింది," అంది వెంకటరావమ్మ ఠీవిగా.

గుప్పెడు కాయలు ఒళ్ళో పోసుకుని, గొంతు సవరించుకుని, మొదలుపెట్టింది.