పచ్చగుర్తు ఆరిపోయాక

మా బావకి కళ్లు నెత్తికెక్కడానికి కారు కొనక్కర్లేదు. కొన్నాక మాత్రం ఇక పట్టపగ్గాల్లేవు. షోరూంలో తాళాలు ఇచ్చినాయన పాపం విడమరిచి చెప్పాడు. "ఈ బటన్ నొక్కితే కారు తనే నడుస్తుంది, కానీ ఇది మీకు సాయం మాత్రమే సార్. రోడ్డు మీద తెల్లగీతలు కనిపించినంతసేపే స్టీరింగ్ తను చూసుకుంటుంది. అప్పుడు ఇదిగో, ఈ చిన్న చక్రం గుర్తు పచ్చగా ఉంటుంది. గీతలు కనిపించకపోతే బూడిద రంగుకి మారుతుంది. అప్పుడు స్టీరింగ్ మీదే. స్పీడు మాత్రం దాని పాటికి అది వెళుతూనే ఉంటుంది, జాగ్రత్త." ఆయన ఇదంతా చెబుతుంటే బావ బానెట్‌కి ఆనుకుని ఫొటోలు దిగుతున్నాడు. విన్నది నేను. బావ చెవికెక్కింది ఒక్కటే, కారు తనంతట తనే పోతుందని.

ఆ రోజు అక్కని స్కానింగ్‌కి తీసుకెళ్లి తిరిగొస్తున్నాం. అక్కకి ఏడో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారన్నా బిడ్డ చేతికి రావాలని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. కుదుపులు తగలనివ్వకండని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. టాక్సీ మాట్లాడతానన్నాను. బావ పకపకా నవ్వాడు.

"మనిషి నడిపితేనేరా కుదుపులు. ఇది నడిపితే గ్లాసులో నీళ్లు కూడా తొణకవు."

అక్క వైపు చూశాను. పొట్ట మీద చెయ్యి వేసుకుని, గొడవెందుకులే అన్నట్టు తలూపింది. ఆయన్ని ఇలా తయారుచేసింది ఆ తలూపుడే.

కొండదారి ఎక్కేసరికి వాన వెలిసింది. ఇంకా పొద్దు పూర్తిగా పోలేదు. అయినా లోయలోంచి పొగమంచు లేచి దారంతా కమ్మేసింది. హెడ్‌లైట్ల వెలుగు కాస్త దూరం పోయి అక్కడే చచ్చుబడిపోతోంది. కారులో కొత్త సీట్ల వాసన, అక్క మందుల సంచి వాసన. వైపర్ ఉండుండి కీచుమంటోంది. బావ బటన్ నొక్కి, స్టీరింగ్ వదిలేసి, కుడికాలు మడిచి సీటు మీద పెట్టుకున్నాడు, ఇంట్లో సోఫా మీద కూర్చున్నట్టు.

"బావా, కాలు దించు," అన్నాను పక్కసీట్లోంచి.

"నువ్వు ముందు నోరు ముయ్యి. దానికి నీకంటే బాగానే కనిపిస్తుంది."

కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, వెనక్కి తిరిగి, బిడ్డకి ఏం పేరు పెడదామంటూ అక్కతో కబుర్లు మొదలుపెట్టాడు. మలుపు మీద మలుపు వస్తోంది. స్టీరింగ్ మెత్తగా తిరుగుతోంది. ఉన్నమాట చెప్పాలంటే, చాలా బాగా తిరుగుతోంది. అనవసరంగా ఆడిపోసుకున్నానేమోనని నాకే కాస్త సిగ్గేసింది.

అప్పుడు వచ్చింది ఆ వాసన. ఏళ్ల తరబడి మూతేసిన బావిని తెరిస్తే వచ్చే వాసన.

"అద్దం దించార్రా ఎవరైనా?" అంది అక్క. ఎవరూ దించలేదు.

బయటికి చూశాను. రోడ్డు మీద తెల్లగీతలు లేవు. వానకి కొట్టుకొచ్చిన మట్టి, కుళ్లిన ఆకులు తప్ప ఏమీ కనబడటం లేదు. ఎంతసేపటి నుంచి ఇలా ఉందో కూడా తెలియదు. గబుక్కున స్పీడు చూపించే తెర వైపు తిరిగాను. చిన్న చక్రం గుర్తు...

బూడిద రంగులో ఉంది.

"బావా... ఆ గుర్తు పచ్చగా లేదు."

"లేకపోతే?"

"స్టీరింగ్ కారు చూసుకోవడం లేదు. స్పీడు ఒక్కటే దానిది."

"పిచ్చోడా! మరి ఇన్ని మలుపులు ఎవడు తిప్పాడు?"

స్టీరింగ్ వైపు వంగి చూశాను. స్టీరింగ్ తోలు రెండు పక్కలా లోపలికి నొక్కుకుని ఉంది. అటు నాలుగు గుంటలు, ఇటు నాలుగు. వేళ్లు పెట్టి బిగించినట్టు.

స్టీరింగ్ ఎడమకి తిరిగింది. కారు పెద్దరోడ్డు వదిలి, దారి మూసేస్తూ ఎప్పుడో పెట్టి ఇప్పుడు పక్కకి పడిపోయిన అడ్డకర్రని దాటి, గడ్డి మొలిచిన పాతదారిలోకి దిగింది.

"చూశావా! అడ్డదారి కూడా దానికే తెలుసు!" బావ మొహం వెలిగిపోతోంది.

ఆ మొహం చూస్తే నాకు అసహ్యం వేసింది. భయం కంటే ముందు అసహ్యమే వేసింది.

"స్టీరింగ్ పట్టుకో బావా," అన్నాను.

విసుక్కుంటూ ముందుకి తిరిగి పట్టుకున్నాడు. మరుక్షణం కాలినట్టు చేతులు లాక్కున్నాడు. అరచేతులు నల్లటి బురదతో తడిసి ఉన్నాయి.

"ఏమైంది?"

"కింద... తోలు కింద చేతులున్నాయిరా."

దారి సన్నబడింది. స్టీరింగ్ లోయవైపు తిరుగుతోంది. మెల్లగా... తొందరేమీ లేకుండా.

"బ్రేక్! బ్రేక్ తొక్కు!"

మడిచిన కాలు తిమ్మిరెక్కిపోయింది. లాగుతున్నాడు. రావడం లేదు. వెనక అక్క ఏడుపు... చివరికి ఎడమకాలితో తొక్కాడు. కారు జారింది. ఇంకా జారింది. ఆగింది.

ముందు దారి లేదు. చక్రం కిందనుంచి రాళ్లు జారుతున్నాయి. అవి కింద పడిన చప్పుడు మాత్రం రాలేదు.

"ఆపింది... చూశావా, అదే ఆపింది," అని గొణిగాడు బావ, కన్నీళ్లు కారుస్తూ. చాచి లెంపకాయ కొట్టాలనిపించింది. పక్కనుంచి చెయ్యి చాపి ఇంజిన్ ఆపేశాను. స్టీరింగ్ మీది గుంటలు ఒక్కొక్కటే పైకి లేచి తోలు మామూలుగా అయిపోయింది. పట్టుకున్నదెవరో గాని వదిలేశారు. హమ్మయ్య అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

దిగి, కారుని తడుముకుంటూ వెనక్కి పరిగెత్తి తలుపు తీశాను.

"రా అక్కా, మెల్లగా దిగు."

అక్క దిగలేదు. సీటుకి అతుక్కుపోయి, రెప్ప వెయ్యకుండా కిందికే చూస్తోంది. బావి వాసన ఇప్పుడు అక్కడుంది.

"నన్ను ముట్టుకోకురా," అంది ఊపిరి బిగబట్టి. "బిడ్డని పట్టుకున్నారు."

పొట్ట మీద గౌను రెండు పక్కలా లోపలికి నొక్కుకుని ఉంది. నేను చూస్తుండగానే అక్క పొట్ట మెల్లగా ఎడమవైపుకి తిరగడం మొదలుపెట్టింది.