మీకు ఎవరు కావాలి?

పాత ఎక్స్ఛేంజి ఇంటి ముందు చీకటి పడ్డాక ఎవరూ గొంతెత్తి మాట్లాడరట. మాట్లాడితే... లోపలి నుంచి జవాబొస్తుందట.

ఊరికి కొత్తగా టెలిఫోన్లు వచ్చిన రోజుల్లో తీగలన్నీ ఆ ఇంట్లోకే వెళ్లేవి. ఎత్తు స్టూలు మీద కూర్చుని ఒక ఆపరేటరమ్మ ఊరందరినీ ఒకరితో ఒకరిని కలిపేది. ఆమె గొంతు తెలియనివాళ్లు లేరు, మొహం తెలిసినవాళ్లు లేరు. నేరుగా నంబరు తిప్పుకునే ఫోన్లు వచ్చాక, మూతబడ్డ ఆ ఇంటిని ఆమే కొనుక్కుని ఒంటరిగా ఉండిపోయింది. పోయిన సంగతి కూడా ఊరికి ఆలస్యంగానే తెలిసింది.

ఇల్లు మేనల్లుడికి వచ్చింది. అమ్మిపెట్టమని తాళంచెవి బ్రోకరు చేతిలో పెట్టాడు.

బ్రోకరంటే మామూలోడు కాదు. కప్పుకు చిల్లుంటే 'వెలుతురు ధారాళం' అని అమ్మగల ఘటం. ఖాళీ ఇంట్లోకి చప్పుడు చెయ్యకుండా అడుగుపెట్టకూడదన్నది వాళ్ల వృత్తిలో అలవాటు — పామో, పిల్లో, దొంగో... ఏదున్నా ముందే తప్పుకుంటుందని. మొదటి సాయంత్రం అలాగే గుమ్మంలో నిలబడి కేకేశాడు.

"ఎవరండీ లోపల?"

లోపలి గదిలోంచి, నెమ్మదిగా... "చెప్పండి. మీకు ఎవరు కావాలి?"

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. తాళం కూడా వెయ్యకుండా పరుగు లంకించుకున్నాడు.

మర్నాడు తాళం వెయ్యాలి కదా — మళ్లీ వెళ్లాడు. ఆ మర్నాడు పనేమీ లేకపోయినా వెళ్లాడు. భార్య పోయిన దగ్గర్నుంచి ఆయన్ని పలకరించే గొంతే లేదు మరి. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆయన ఇంట్లో కాలు పెట్టగానే వంటింట్లోంచి ఒకటే ప్రశ్న, "చెప్పులు బయటే విడిచారా?" అని. అప్పట్లో విసుక్కునేవాడు. ఇప్పుడు విసుక్కోవడానికి కూడా మనిషి కరువైంది.

అందుకే ఆ ఇంట్లో గోడకానుకుని కూర్చునేవాడు. ఎవరూ అక్కర్లేదమ్మా, ఊరికే వచ్చానని చెప్పి, ఆ రోజు తిరిగిన తిరుగుళ్లన్నీ ఏకరువు పెట్టేవాడు. అవతల ఊ కొడుతున్నట్టే ఉండేది. దెయ్యమైతేనేం, పలికే దిక్కంటూ ఒకటుంది.

ఇంతలో, చూడ్డానికొచ్చినవాళ్లంతా ఆ గొంతు విని పారిపోతుంటే, ఈసారి బేరం కుదరకపోతే ఇల్లు కూలగొట్టిస్తానన్నాడు మేనల్లుడు. పళ్ల డాక్టరొకాయన చూడ్డానికి వస్తానన్నాడు. అమ్మితే ఆ గొంతు దూరమవుతుంది. అమ్మకపోతే ఆమె ఇల్లే మట్టిలో కలుస్తుంది. బ్రోకరు ముందు రోజు గుమ్మంలో నిలబడి గుసగుసగా బతిమాలాడు.

"రేపొక్కరోజు పలక్కమ్మా..."

పలకలేదు. డాక్టరు గదిగదికీ వెళ్లి, దెయ్యంగారూ ఉన్నారా అని నవ్వుతూ అరిచినా చీమ చిటుక్కుమనలేదు. బేరం కుదిరిపోయింది. బ్రోకరుకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. పాత సామాను పారేయమన్నారు కదా అని ఆపరేటరమ్మ కూర్చున్న ఆ ఎత్తు స్టూలొక్కటి చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. స్టూలు హాల్లో ఓ మూల పెట్టాడు. లైటు వెయ్యబుద్ధి కాలేదు. అంత నిశ్శబ్దంలో అలవాటు కొద్దీ నోరు జారింది — "ఎవరండీ లోపల?" సొంత ఇంట్లో ఇదేం ప్రశ్నని తనకే నవ్వొచ్చింది.

మూల నుంచి... "చెప్పండి. మీకు ఎవరు కావాలి?"

ఈసారి పరుగెత్తలేదు. ఇన్నాళ్లూ ఎవరూ అక్కర్లేదని అబద్ధమాడిన మనిషి మెల్లగా అన్నాడు.

"మా ఆవిడ."

"లైన్లో ఉండండి..."

ఆ తర్వాత, వంటింట్లోంచి —

"చెప్పులు బయటే విడిచారా?"