స్కార్ఫు అంచున ఒక్క కణం

"దొంగకి సీసా అక్కర్లేదు. ఒక్క కణం చాలు," అన్నాడు చీఫ్.

ఏజెంటుకి ఆఫీసులో మౌని అని పేరు. పక్కనున్న సైంటిస్టు మైక్రోస్కోపు అతని వైపు జరిపింది. అద్దం కింద ఒక ఈస్టు కణం. దాని ఒంటిమీద చిన్న బుడిపె.

"అది మొగ్గ," అందామె. "పెరిగి తల్లి నుంచి విడిపోతుంది, తనూ మొగ్గ వేస్తుంది. పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. రెండ్రోజుల్లో సీసా నిండిపోతుంది. షుగర్ మందు చవగ్గా తయారుచేసే ఈస్టు ఇది. బయటి ముఠా ముందుగా పేటెంట్ కొట్టేస్తే, లేనివాళ్ళకి మందు అందని ద్రాక్షే."

దొంగని కనిపెట్టడానికి మౌనికి ల్యాబ్‌లో ఎలక్ట్రీషియన్ వేషం. ఎదురు వీధిలో అద్దె వాటా. భార్య వేషానికి ఇంకో బ్రాంచి నుంచి వచ్చిన ఏజెంటు, కోడ్ నేమ్ నెమలి. ఆమె నడిచొస్తుంటే వీధి వీధంతా తల తిప్పేది. ల్యాబ్ రిసెప్షన్‌లో ఆమె డ్యూటీ.

సాయంత్రం అతను మెట్లెక్కగానే, ఇంటి ఓనరు పిన్నిగారికి వినపడేలా, "ఏవండీ, వచ్చారా?" అనేది నెమలి. తలుపు మూయగానే ఆ గొంతు ఆగిపోయేది. ఆమె గది ఆమెది, అతని గది అతనిది. ఆ ఒక్క మాట ఇంకోసారి అంటుందేమోనని మౌని గుమ్మంలో చెప్పులు విప్పడానికి కావాలనే ఆలస్యం చేసేవాడు.

ఓ ఉదయం ఆమె బ్యాగుతో బయల్దేరింది. "హెడ్డాఫీసు పిలిచింది," అంది. పిన్నిగారు చూస్తోందని నవ్వుతూ దగ్గరికొచ్చి అతని కాలరు సర్దింది. ఆమె మెడలో పట్టు స్కార్ఫు. సెంటు చాటున పులిసిన పిండి వాసన. ఆమె వంటింటి మొహం చూసిన పాపాన పోలేదు. స్కార్ఫు అంచు గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంది.

ఎండినంత మాత్రాన ఈస్టు చావదు. తడి తగిలితే లేచి కూచుంటుంది.

మౌని ఫోన్ చేశాడు.

"నేను పిలవలేదే!" అన్నాడు చీఫ్. "కొనేవాడు కూడా దొరకాలి. వెంట పడు."

ఎయిర్‌పోర్టు కాఫీ షాపు. మౌనికి వెయిటర్ యూనిఫారం, అతికించిన మీసం, గుండీలో కెమెరా. నెమలి ఎదురుగా నీలం సూటు విదేశీయుడు.

"గొడుగు తెచ్చారా?" అన్నాడతను.

"వానే రాదుగా," అంటూ ఆమె స్కార్ఫు విప్పింది.

ఫ్లైటుకి ఆఖరి పిలుపు. సూటువాడు చెయ్యి చాచాడు. అంతలో మౌని స్కార్ఫు లాక్కుని, కౌంటర్ మీద కుతకుతలాడుతున్న నీళ్ళగిన్నెలో ముంచి, మూతపెట్టి అదిమి పట్టాడు. ఉడికిన కణం ఇక మొగ్గ వెయ్యదు. చీఫ్ మనుషులు ఇద్దర్నీ చుట్టుముట్టారు.

సంకెళ్ళు పడ్డాక ఆమె అతని మీసం కేసి చూసింది. "మీరా! ఎలా తెలిసింది?"

"నా దగ్గరికి రాకుండా ఉండాల్సింది," అన్నాడు మౌని. "ఇవాళే మొదటిసారి వచ్చావు."

సాయంత్రం వాటా ఖాళీ చేస్తుంటే పిన్నిగారు ఎదురైంది.

"అమ్మాయేది నాయనా?"

"పుట్టింటికెళ్ళిందండీ."

సర్వీసు మొత్తంలో అతను అంత పేలవమైన అబద్ధం ఆడలేదు. ఆవిడ మాత్రం ఇట్టే నమ్మేసి, "తప్పు నీదే అయ్యుంటుంది," అంది.