గుంత పూడ్చిన చోటు

"మగ్గాన్ని ముట్టినావంటే నన్ను దాటుకొనే పోవాల!"

అలివేలమ్మ మగ్గం గుంతలోకి కాళ్లు వేలాడేసి, నిలువునా బిగించిన పడుగు పోగుల మీద రెండు చేతులూ పరిచి కూర్చుంది. ఎదురుగా కత్తి పట్టుకుని కోడలు కుప్పమ్మ నిలబడింది.

నగరిలో సాలెవీధి చివర ఒంటిగది ఇల్లు అది. యుద్ధం రోజుల్లో నూలు దాచిపెట్టి లేదన్న షావుకారును కుప్పమ్మ పెనిమిటి ఆదికేశవులు కోపంతో తోసేశాడు. ఆ షావుకారు మెట్ల మీద పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఆదికేశవుల్ని పట్టుకుపోయారు. మగ్గం మీద చీర సగంలో నిలిచిపోయింది! కుప్పమ్మ ఇరుగుపొరుగు ఇళ్లలో నూలు కండెలు చుట్టి ఇల్లు గడిపిందే తప్ప, ఏళ్ల తరబడి ఆ మగ్గం మీద అడ్డపోగు నేసే నాడెను ముట్టలేదు. పొద్దున్నే పడుగు మీది దుమ్ము పైటకొంగుతో తుడిచేది. అతడు ఆఖరుగా వేసిన పోగు దగ్గర ఆమె వేలు ఆగిపోయేది... అక్కడ ఇంకా అతడి చేతి వెచ్చదనం ఉన్నట్టే ఉండేది! పెనిమిటి పేరు పలకకూడదు గనుక, సందెదీపం పెట్టి, "ఉండావా?" అని మాత్రం ఆ మగ్గాన్ని అడిగేది.

ఇప్పుడు శిక్ష తీరకముందే, షరతుల మీద అతణ్ణి వదులుతామన్నారు. ఊరు దాటకూడదు. దీపాలవేళకల్లా గడప లోపల ఉండాలి. పోలీసు వచ్చి పిలిస్తే పలకాలి. అన్నిటికంటే ముందు, అతడు ఉండబోయే ఇంటిని ఇన్‌స్పెక్టరు చూసి సరేననాలి.

ఆయన వచ్చి, గది నిండా ఉన్న మగ్గాన్నీ, పక్కన ఇరుక్కున్న రెండు చాపలనూ చూసి పెదవి విరిచాడు.

"మనిషి నడుం వాల్చే చోటు లేదు. దీన్ని ఇల్లని ఎట్ల రాసేదమ్మా? రేపు మళ్లీ వస్తా. అప్పటికీ ఇంతే అయితే ఆయన ఆడ జైల్లోనే ఉంటాడు."

కుప్పమ్మ వీధంతా తిరిగింది. రోజూ పోలీసు వచ్చే మనిషికి గది ఎవరిస్తారు? పక్కవీధిలోని సొంత అన్న కూడా, "ఆడబిడ్డలుండారు గదమ్మా..." అని తల దించుకున్నాడు. ఇక మిగిలింది పడుగు కోసి మగ్గం తీసేయడమే.

"లెయ్ అత్తా..."

"పడుగు సగంలో కోస్తే నేసినోని ఆయుస్సు కోసినట్టేనని మా అత్త చెప్పింది. నా బిడ్డను సంపుతావా?"

"ఆయుస్సుతో ఆయన ఆడుంటే నాకేమొచ్చె అత్తా?" అంది కుప్పమ్మ. "మగ్గం నన్ను అన్నం తిన్నావా అని అడుగుతుందా? కీడు జరిగితే పోయేది నా పసుపుకుంకాలే గదా! ఆ భయం నీకన్నా నాకు తక్కువా?... నాకు మనిషి కావాల అత్తా!"

అలివేలమ్మ పడుగు మీది చేతులు తీసింది. గుంతలోంచి కాళ్లు పైకి తీసుకుని, కత్తి లాక్కుంది.

"నీ చేత్తో వద్దు. ఆ పాపమేందో నాకే రానీ. నేను బతికినంత బతికినా."

కళ్లు మూసుకుని కోసింది. పోగులు తెగిన చప్పుడుకు అత్తాకోడళ్లు ఒకరినొకరు కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చారు! ఆ తర్వాత మగ్గం విప్పి బయట పెట్టి, గంపలతో మట్టి మోసి గుంత పూడ్చి, పేడతో అలికారు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గది చూసి సరేనన్నాడు. కొన్నాళ్లకు ఆదికేశవులు వచ్చాడు. నెరిసిన జుట్టు, లోపలికి పోయిన బుగ్గలు... గడప దాటగానే అతడి కళ్లు గదంతా వెతికాయి.

"అమ్మా... మగ్గం యాడ?"

అలివేలమ్మ మగ్గం మీంచి తీసి మడిచిపెట్టిన బట్ట అందుకుంది. ఆ సగం చీరను గుంత పూడ్చిన చోట పరిచింది. "ఈడ పండుకో నాయనా."

అతడు కూర్చుని చీరను తడుముతూ ఆఖరి పోగు దాకా వెళ్లాడు. "ఇన్నాళ్లూ అట్లనే పెట్టుకోనుండారా?"

"నీ కోసరం పెట్టుకున్న్యా," అంది కుప్పమ్మ. "నీ కోసరమే తీసేసినాము."

అతడు ఆ చీరలో ముఖం దాచుకున్నాడు.

సందె పడింది. వీధిలోంచి పోలీసు జవాను మునెయ్య గొంతు వినిపించింది. "ఆదికేశవులూ! ఉండావా?"

తలుపుల సందుల్లోంచి వీధంతా తొంగిచూసింది. ఆదికేశవులు సిగ్గుతో కుంచించుకుపోయాడు. లోగొంతులో ఏదో గొణిగాడు.

"ఏమప్పా, కొత్త పెండ్లికూతురి మాదిరి సిగ్గా? గట్టిగా పలుకు!"

"ఉండాను సామీ... ఇంట్లోనే ఉండాను."

దీపం వెలిగిస్తున్న కుప్పమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఉండాను!... ఎన్ని సందెలు ఆ ఒక్క మాట కోసం చెవులొగ్గింది! కన్నీళ్లు తుడుచుకోకుండానే వాకిట్లోకి పరుగెత్తింది.

"మునెయ్యన్నా! రేపు కూడా వచ్చి పిలుస్తావు గదా?"

మునెయ్య తెల్లబోయి, టోపీ సర్దుకున్నాడు. "పోలీసును మళ్లీ రమ్మనే ఇల్లు ఇదొకటే చూసినా తల్లీ! వస్తా, వస్తా."