ఆఖరి పది కప్పులు

“కాఫీ తాగుతావా?” అన్నాడు బాస్.

ఏజెంట్ నైన్‌కి అనుమానం వచ్చింది. పన్నెండేళ్ళ సర్వీసులో బాస్ మంచినీళ్ళు కావాలా అని అడిగిన పాపాన పోలేదు.

“వద్దు సార్.”

“కుదరదు. యాభై కప్పులు రుచి చూడాలి. అదే నీ మిషన్.”

రహస్య సంకేతాల ఆఫీసుకి ఎల్లుండి కొత్త కాఫీ వెండింగ్ మెషిన్ వస్తోంది. దాంతోపాటు శత్రు ముఠా ఏదో లోపలికి పంపుతోందని సమాచారం. మైకో, కెమెరానో తెలీదు. అక్కడ వాడబోయే కొత్త కోడ్ మొత్తం డైరెక్టర్‌గారి తలలోనే ఉంది, కాగితం మీద పెట్టలేదు. మెషిన్ సైట్‌కి వెళ్ళేముందు వర్క్‌షాప్‌లో పరీక్షించే టెక్నీషియన్ వేషం నైన్‌ది.

“అక్కడి క్వాలిటీ మేడమ్ మన మనిషే. ముఠా మాత్రం తమ మనిషనుకుంటోంది. కోడ్ వర్డ్ ‘నురగ తక్కువ’,” అన్నాడు బాస్.

మేడమ్ అందంగా ఉంది. ఎంత అందమంటే, స్కానర్ దాచిన స్క్రూడ్రైవర్‌ని నైన్ కాసేపు తలకిందులుగా పట్టుకుని తిరిగాడు.

“నురగ తక్కువండీ,” అంది నవ్వుతూ.

మెషిన్ విప్పాడు. పైపులు, మోటారు, బాయిలర్ అన్నీ వెతికాడు. మైకు లేదు, కెమెరా లేదు. ఇక కప్పులు మిగిలాయి. ఐదు బటన్లు, బటన్‌కి పది కప్పులు. వేడి కొలవాలి, ఒక గుక్క రుచి చూడాలి, షీట్‌లో టిక్ పెట్టాలి. నలభయ్యో కప్పుకి నైన్ గుండెల్లో మంట మొదలైంది. మిగిలింది చక్కెర లేని కాఫీ.

“దాన్ని మా టెస్టర్లు ఎవరూ నోట పెట్టరండీ,” అంది మేడమ్. “వేడి చూసి బకెట్లో పోసి, టిక్ పెట్టేస్తారు.”

నైన్‌కి ప్రాణం లేచొచ్చింది. పది టిక్కులు పెట్టి సంతకం చేశాడు. పొడి డబ్బాలకు సీలు కూడా తన చేత్తోనే వేశాడు.

అనుకున్న రోజు ఉదయం పదకొండింటికి మెషిన్ సంకేతాల ఆఫీసులో గోడకి ఆనుకుని నిలబడింది. స్టాఫంతా మూగారు. డైరెక్టర్‌గారు పెద్దవయసు మనిషి, మెత్తగా మాట్లాడతారు.

“నాకు షుగరమ్మా. ఆ చివరి బటన్ నొక్కు.”

మెషిన్‌తోపాటు వచ్చిన మేడమ్ నొక్కింది. కప్పు తనే అందించింది. అందరికీ నవ్వులు పంచుతున్న ఆవిడ ఇప్పుడు ఆ కప్పునే చూస్తోంది.

మెషిన్ పక్కనే నిలబడ్డ నైన్‌కి టెస్ట్ షీట్ గుర్తొచ్చింది. పది టిక్కులు పెట్టాడు, ఒక్క గుక్క తాగలేదు. ఈ ఆఫీసులో చక్కెర లేనిది తాగేది ఈయన ఒక్కరే, కోడ్ ఉన్నదీ ఈయన తలలోనే!

“సార్, ఆగండి!”

కప్పు అంచు పెదవికి తగులుతుండగా లాక్కున్నాడు. దాన్ని మేడమ్ ముందు పెట్టాడు.

“మీరు తాగండి.”

“నాకు చేదు పడదండీ.”

“ఒక్క గుక్క.”

ఆవిడ కప్పుని విసిరికొట్టి తలుపు వైపు పరుగెత్తింది. గార్డులు రెండు రెక్కలూ పట్టుకున్నారు. అప్పుడు కూడా నవ్వింది.

“వర్క్‌షాప్‌లో ఒక్క గుక్క తాగుంటే అక్కడే పోయేవారు. నా మాట విని బతికారు. థాంక్స్ అయినా చెప్పరా?”

అందరూ విన్నారు. నైన్ తల దించుకున్నాడు. తన బద్ధకం తనని బతికించి, ఇంకో మనిషిని చావు దాకా తీసుకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

డైరెక్టర్‌గారు కుర్చీలో కూలబడ్డారు.

“కాసిని మంచినీళ్ళు ఇవ్వు బాబూ.”

నైన్ పరుగున వెళ్ళి గ్లాసు తెచ్చాడు. పెద్దాయన అందుకోలేదు. గ్లాసు వైపు చూశారు, నైన్ వైపు చూశారు.

“ఏమీ అనుకోకు. ముందు నువ్వు తాగు.”

నైన్ గ్లాసు మొత్తం తాగేసి, ఇంకోటి తేవడానికి వెళ్ళాడు.