ఎర్రలోయ హీరోకు పెట్టిన వాత

శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగే వేళకు ఇళ్ళల్లో పనులన్నీ ఆగిపోయేవి. పొయ్యి మీది కూర మాడుతున్నా సరే, ముందు నుదుటికి పట్టీ కట్టుకోవాలి. చిన్నపిల్లలకు కట్టకూడదని ప్రభుత్వం మొత్తుకున్నా, పెద్దవాళ్ళ కళ్ళుగప్పి వాళ్ళూ కట్టుకునేవారు. టీవీలో 'ఎర్రలోయ' వచ్చే వేళ అది. గుర్రాలు, తుపాకులు, వెడల్పు టోపీలతో గండికోట లోయలో తీసే కౌబాయ్ సీరియల్. అందులో హీరో పిడుగు దొరకు వారం వారం ఒక దెబ్బ తగిలేది. అది తగలగానే రాష్ట్రమంతా ఒక్కసారిగా "స్స్" అనేది.

ఊరికే అనడం కాదు. నిజంగానే నొప్పి పుట్టేది.

అది రెండువేల తొంభైల దశకం. యంత్రాలు ఏ బొమ్మనైనా, ఏ మనిషినైనా సృష్టించగలుగుతున్నాయి కాబట్టి తెర మీది దేన్నీ ఎవరూ నమ్మడం లేదు. హీరో కొండ మీద నుంచి దూకినా ఆవులించేవాళ్ళు. ఒక్క నొప్పి మాత్రం దొంగనోటులా అచ్చువేయడానికి వీలుకానిదై మిగిలింది. అందుకని సీరియల్లో నిజం మనిషిని పెట్టి, నిజం దెబ్బలు కొట్టడం మొదలుపెట్టారు. డాక్టర్ వకుళ కనిపెట్టిన పరికరం లేకపోతే అది కుదిరేది కాదు.

హీరో మెడ వెనక, చర్మం కింద, ఆవగింజంత చిప్ ఒకటి ఉంటుంది. దెబ్బ తగిలిన చోటి నుంచి మెదడుకు పోయే నొప్పిని అది దారిలోనే పట్టుకుని ఉపగ్రహానికి పంపుతుంది. ఉపగ్రహం ఆ నొప్పిని పట్టీలు కట్టుకున్న వాళ్ళందరికీ సమానంగా పంచుతుంది. ఇందులో నకలు తీయడం లేదు, ఉన్నదాన్ని పంచడమే. ముప్పై లక్షలమంది కట్టుకుంటే తలా ఒక చీమ కుట్టినంత పడుతుంది. హీరోకు ఏమీ మిగలదు. కంపెనీ దీనికి న్యూరల్ డివైడర్ అని పేరు పెట్టింది. వకుళ మాత్రం వేదనా విభాజని అనేది. జనం నోట్లో అది పంపకప్పట్టీ అయింది.

వకుళ దాన్ని కేన్సర్ రోగుల కోసం చేసింది. నొప్పిని రాతికీ ఇనుముకూ యంత్రాలకూ ఎక్కించి చూసింది. అవి తీసుకోలేదు. బతికి ఉన్న నరమే కావాలి. తీసుకునే నరం లేకపోతే నొప్పి తిరిగి సొంతదారుకే పోతుంది. మొదటి రోగికి ముగ్గురు కొడుకులూ వచ్చి పట్టీలు కట్టుకున్నారు. మర్నాటికి ముగ్గురికీ ఏవో పనులు పడ్డాయి. ముసలాయన ఒంటరిగా అరిచి అరిచి పోయాడు. రోగికి దొరకని మనుషులు హీరోకు లక్షల్లో దొరుకుతారని టీవీ కంపెనీవాళ్ళు వకుళకు నచ్చజెప్పారు. అది నిజమే అయింది.

పిడుగు దొర అసలు పేరు ఓబులేసు. జమ్మలమడుగులో బజ్జీల బండి పెట్టుకుని బతికిన సుభద్రమ్మకు ఒక్కడే కొడుకు. షూటింగు గుర్రాలకు గడ్డి వేసే పనిలో చేరి, గుర్రం మీద నుంచి పడే డూపు వేషాలు వేసి, ఒకరోజు హీరో పారిపోతే ఆ టోపీ తన నెత్తిన పెట్టుకున్నాడు. తర్వాత పన్నెండేళ్ళు ఆ టోపీ దిగలేదు. అతని బొమ్మ లేని టీ కొట్టు ఉండేది కాదు. ఒళ్ళు విప్పితే మాత్రం కుట్లు, సొట్టలు. అన్ని దెబ్బలూ తిని ఒక్కదాని నొప్పీ ఎరగని మనిషి అతను. నొప్పి తెలియకపోవడంతో నటించడమూ రాలేదు. గుండు తగిలినప్పుడు కనుబొమలు ముడిచేవాడు, అంతే. "నొప్పి మా నుదుట, వాడి మొహాన మాత్రం పౌడరు" అని జనం ఎగతాళి చేసేవారు.

చివరి ఎపిసోడ్‌లో వాత పెట్టాలని డైరెక్టరు మస్తాన్ నిర్ణయించాడు. విలన్ తన పశువులకు వేసే ముద్రను హీరో వీపు మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో వేస్తాడు.

ఆ సాయంత్రం కారవాన్‌లో సుభద్రమ్మ కొడుకు చొక్కా గుండీలు విప్పుతూ, విప్పినవే మళ్ళీ పెడుతోంది.

"వాత అంటే ఎద్దులకు పెట్టేది నాయనా. మనుషులకు పెడ్తారా?"

"నాకేం తెల్దులే మా. ఎప్పట్లాగే."

"కరెంటు పోతే? పైనుండే ఆ ఉపగ్రహం ఊడి కింద పడితే? అందురూ ఒకే తూరి అన్నానికి లేస్తే?"

ఓబులేసు పగలబడి నవ్వాడు. "ముప్పై లచ్చల మంది ఒకే తూరి లేస్తారా మా! అంత అన్నం ఎవురు వండినారు?"

"నవ్వు, నవ్వు. నా కుడికన్ను పొద్దుట్నుంచి అదురుతాంది."

"నువ్వు మాత్రం పట్టీ కట్టుకోవాకు. నీ గుండె తట్టుకోదని డాక్టరు చెప్పినాడు. నా మీద ఒట్టు."

ఆమె అతని నెత్తిన చేయి పెట్టింది. ఆ ఒట్టును ఆమె ప్రతి శుక్రవారం తప్పుతూనే ఉంది. కట్టుకుంటే ఒట్టు తగిలి బిడ్డకేమవుతుందోనని భయం. కట్టుకోకపోతే తన వంతు చీమకాటు వాడిని కుడుతుందేమోనని అంతకన్నా భయం. అతను బయటికి వెళ్ళగానే పట్టీ తీసి కట్టుకుని, పైన కొంగు కప్పుకుంది.

లోయలో బోర్డు మీద పట్టీల సంఖ్య వెలుగుతోంది. ఓబులేసును ఆ బోర్డుకు ఎదురుగా గుంజకు కట్టేశారు. విలన్ వేషం బ్రహ్మయ్యది. నాటకాల రోజుల నుంచి డైలాగు సాగదీయడం ఆయనకు అలవాటు. ఇనుము ఎత్తి, "ఈ లోయలో ప్రతి పశువుకూ ఒక యజమాని ఉంటాడురా..." అంటూ మొదలుపెట్టి, వీపుకు ఆనించాడు.

కారవాన్‌లో సుభద్రమ్మ వీపున చీమ కుట్టింది. "అమ్మయ్య" అనుకుంది.

సరిగ్గా అప్పుడే ఊరూరా, ఇంటింటా ఒకే ఆలోచన పుట్టింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పన్నెండేళ్ళుగా చూస్తున్నాం, వీడి మొహంలో నొప్పి ఎప్పుడూ చూడలేదు. ఇది ఆఖరు. ఒక్కసారి నిజంగా నొప్పి పుడితే ఆ మొహం ఎలా ఉంటుందో? నేనొక్కణ్ణి పట్టీ తీస్తే ఏమవుతుంది, మిగతావాళ్ళు లేరా?

బోర్డు మీది అంకె కొండరాయిలా కిందికి దొర్లసాగింది.

"ఆపండి! ఇనుము తీయమనండి!" పరికరం దగ్గర కూర్చున్న వకుళ మస్తాన్ వైపు తిరిగి అరిచింది.

మస్తాన్ పక్కనున్న ఇంకో తెర చూస్తున్నాడు. "మేడమ్, పట్టీలు తీసేస్తాండారు గానీ టీవీ ఎవురూ ఆపేయలేదు. సూడండి, సూసేవాళ్ళు పెరుగుతాండారు. బ్రహ్మయ్యగారి డైలాగు అయిపోనీండి."

సుభద్రమ్మకు చీమ తేలయింది. తేలు మరిగే నూనె అయింది. పళ్ళు బిగబట్టింది. కిటికీలోంచి బోర్డు కనిపిస్తూనే ఉంది. వందలు, పదులు, ఆఖరికి ఒకటి. ఆ ఒకటీ తానే. కాలిన ఇనుము మొత్తం ఆమె వీపులో దిగింది. బయట ఓబులేసు బోర్డు వైపు చూస్తూ, ఎప్పటిలాగే కనుబొమలు ముడిచి నిలబడ్డాడు. నా బిడ్డకు తగలలేదు, ఓర్చుకుంటా, ఓర్చుకుంటా అనుకుంది. అనుకుంటూ ఉండగానే ఆమె చేయి లేచింది. ఆమె లేపలేదు, అదే లేచింది. పట్టీని పీకి అవతల పారేసింది.

నొప్పి ఠక్కున ఆగిపోయింది. ఎంత హాయిగా ఉందో అని ఆమెకు అనిపించింది. ఆ వెంటనే లోయలోంచి కేక వినిపించింది. పట్టీ కోసం నేల మీద తడుముకుంది. అది చేతికి అందింది కూడా. కానీ నుదుటి దాకా తేలేకపోయింది. బ్రహ్మయ్య డైలాగు ముగిసేదాకా పట్టీ ఆమె గుప్పిట్లోనే ఉంది.

మూడో రోజుకు ఆసుపత్రిలో ఓబులేసు గొంతు పెగిలింది. బోర్లా పడుకుని ఉన్నాడు. సుభద్రమ్మ స్పూనుతో మజ్జిగ పోస్తోంది.

"అందురూ తీసేసినారని బాధ ల్యా మా. వేడుక చూడాలనుకున్న్యారు, చూసినారు. ఆఖర్న ఒకరు మిగిలినారు. బోర్డు మీద చూసినా. వాళ్ళున్నంత సేపు నాకు చిటికెడు నొప్పి గూడా తెల్ల్యా. అంతా ఒక్కరే మోసినారు."

స్పూను గిన్నెకు తగిలి టంగుమంది.

"వాళ్ళకు దండం పెట్టుకుందామని మనసులో అనుకున్న్యా మా. అనుకుంటాండంగనే వాళ్ళూ తీసేసినారు. ముప్పై లచ్చల మందినీ మర్చిపోతా. ఆ ఒక్కర్ని మాత్రం ఈ జన్మలో మర్చిపోను. ఎవురై ఉంటారు మా?"

"ఎవురో పాపిష్టోళ్ళు." ఆమె అతని పెదాలు కొంగుతో తుడిచింది. "పిల్లల్లేనోళ్ళయి ఉంటారు నాయనా. కన్నకడుపైతే తీసుండేదా?"

"అంతేలే. నువ్వయితే తీసుండవు."

"చచ్చినా తీసేదాన్ని కాదు."

అతను తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. నర్సు కట్టు మార్చడానికి సామాను బండి తోసుకుంటూ వచ్చింది. పాత కట్టు చర్మానికి అతుక్కుపోయిందని, లాగేటప్పుడు బాగా మండుతుందని, ఎవరైనా చేయి పట్టుకుంటే బాగుంటుందని చెప్పింది. ఓబులేసు చూడకుండానే చేయి చాపాడు.

"నేను చూడలేను నాయనా," అంటూ సుభద్రమ్మ లేచి బయటికి నడిచింది. తలుపు తనే దగ్గరగా వేసి, రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.