మ్యాపులో మిగిలిన మైసమ్మ

ముందుగా మన్నించండి. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను. ఒత్తులు తప్పుతాయి, ఒక్కో పేజీకి ఒక్కో పూట పడుతుంది. ఈ కథలో జీపు డ్రైవరుకు మా ఇంటాయన పేరు పెట్టుకున్నాను. ఆయన నడిపిన జీపు ఒక వానకాలం తిరిగి రాలేదు.

"భూపాల్ తాగి నడుపలే. రిపోర్ట్ వచ్చింది," అన్నాడు చీఫ్ రాజనర్సు.

నాంపల్లి స్టేషన్ ఎదుట పాత లాడ్జి పై అంతస్తు. బోర్డు మీద కొరియర్ ఆఫీసు అని ఉంటుంది. లోపల ఉన్నది రహస్య విభాగం. ఎదుట ఏజెంట్ విజయేందర్ కూర్చున్నాడు. భూపాల్ అతని దోస్తు. పోయిన నెల ఓ రహస్య పని మీద వెళ్తూ జీపుతో సహా చెరువులో మునిగిపోయాడు.

"ఇయ్యాల సాక్షిని అడవి అవతలి క్యాంపుకు చేర్చాలె. విదేశీ ముఠా పేర్లన్నీ ఆయన నోట్లనే ఉన్నయి. డ్రైవర్ దుర్గయ్య. సగం హైవే, సగం దారే లేదు. ఫోన్ వద్దు. ఊర్ల ఉంటే ముఠావాళ్లు జాడ పట్టుకుంటరు, అడవిల సిగ్నల్ ఉండదు. హైవేకు, అడవికి రెండింటికీ పనికొచ్చే జీపీఎస్ తీస్కరా."

"ఎవరి దగ్గర?"

"అబిడ్స్‌ల స్నేహలత."

స్నేహలత ముఠాలో పనిచేస్తూ వాళ్ల రహస్యాలు విభాగానికి చేరవేసే డబుల్ ఏజెంట్.

ఆదివారం. విజయేందర్ గడ్డం అంటించుకుని, భుజాన సంచి వేసుకుని, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తూ ఆమె జీపీఎస్ దుకాణంలోకి జారుకున్నాడు. ఆమెకు నల్ల కళ్లద్దాలు, మెడలో ముత్యాలు. లోపలున్నవాళ్లు సరుకు వదిలి ఆమెనే చూస్తున్నారు.

"వాన పడ్తదా మేడం?"

"గొడుగు మర్చిపోతే పడ్తది."

కోడ్ సరిపోయింది. ఆమె పెద్ద స్క్రీన్ ఉన్న మిషన్ ముందు పెట్టింది. "తారు రోడ్డు మీద మస్తు చెప్తది. రోడ్డు అయిపోతే మూగది." తర్వాత అరచేతిలో పట్టే మందపాటిది. "గుట్టల ఎత్తు జూపిస్తది. వచ్చిన దారి గుర్తు వెట్టుకుంటది. నీళ్లల్ల పడ్డా..." ఆగింది. "పడ్డా ఖరాబ్ కాదు. కని హైవే మీద మలుపు దాటినంక చెప్తది."

"నాకు రెండూ గావాలె."

కౌంటర్ కింది నుంచి మూడోది తీసింది. "గిది రెండూ చేస్తది. మ్యాప్ లోపలనే ఉంటది. జోడీ తీస్కో. ఒకటి జీపుల పెడితే, అది ఏడ పోతున్నదో రెండోదాంట్ల కనవడ్తది."

బేరం ఆడకుండా తీసుకున్నాడు. ఆమె కళ్లద్దాలు తీయలేదు.

మధ్యాహ్నం నాంపల్లి నుంచి జీపు కదిలింది. విజయేందర్ ఆఫీసులో రెండో మిషన్ ముందు కూర్చున్నాడు. బయట సన్నటి వాన. హైవే మీద జీపు చుక్క సాఫీగా పోయింది. తర్వాత రోడ్డు వదిలి, మ్యాపులో ఏమీ లేని ఖాళీ నేల మీదికి దిగింది. దానికి కొంచెం పక్కగా చిన్న గుర్తు. కట్ట మైసమ్మ.

విజయేందర్ చేతిలో చాయ్ ఆగిపోయింది. కట్ట మైసమ్మ ఎక్కడ పడితే అక్కడ కూర్చోదు. చెరువు కట్ట మీదే కూర్చుంటుంది. అమ్మవారు ఉంది. చెరువేది?

చేతి గడియారంలో దాచిన శాటిలైట్ వైర్‌లెస్ నొక్కాడు.

"దుర్గన్నా, ఆగు."

"ఎందుకు సార్? ముంగట పచ్చటి బీడు, సాఫ్‌గ ఉన్నది."

"బీడు కాదది, గుర్రపుడెక్క. కింద చెరువున్నది. బ్రేక్ తొక్కు."

బ్రేకు కీచుమంది. ఆ వెనక మిషన్ గొంతు తీయగా వినిపించింది. "నేరుగా ముందుకు వెళ్లండి."

జీపు తలుపు తెరిచిన చప్పుడు, నీళ్లలో అడుగుల చప్పుడు.

"సార్," అన్నాడు దుర్గయ్య చివరికి. "ముంగటి టైర్లు నీళ్లల్ల ఉన్నయి. నోట్ల బీడీ పడిపోయింది. గంతే నష్టం."

"ఎనుకకు తీసి కట్ట మీదికెళ్లి పో."

క్యాంపు చేరామని కబురు వచ్చాక విజయేందర్ అబిడ్స్ వెళ్లాడు. పుస్తకాలవాళ్లు పట్టాలు కప్పుకుంటున్నారు. స్నేహలత పారిపోలేదు. కళ్లద్దాలు బల్ల మీద ఉన్నాయి. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"జీపు?"

"ఆగింది."

ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది. "మా అన్న ముఠావాళ్ల చేతుల ఉన్నడు. మ్యాప్‌ల చెరువులన్నీ తుడువమన్నరు. తుడిచిన."

"మైసమ్మను ఎందుకు ఉంచినవ్?"

"చెయ్యి రాలే. అమ్మవారిని ఎట్ల తుడుస్త? ఆ గుర్తు ఏందని వాళ్లు గూడా అడుగలే."

"భూపాల్ మ్యాప్‌ల?"

"గాడ గూడా ఉంచిన. చూస్తడనుకున్న."

విజయేందర్ బేడీలు తీశాడు కానీ వెంటనే వేయలేకపోయాడు. "భూపాల్ హిమాయత్‌నగర్‌ల పుట్టి పెరిగిండు," అన్నాడు. "గదేదో ఊరి పేరనుకొని ఉంటడు."

ఆమె చేతులు చాపింది.

మర్నాడు పొద్దున దుర్గయ్య క్షేమంగా నాంపల్లి చేరాడు. స్నేహలత అన్నను వెతకడానికి మనుషుల్ని పంపి వచ్చిన రాజనర్సు, భూపాల్ ఖాళీ కుర్చీ వైపు చూడకుండా అడిగాడు.

"మరి ఆఫీసుకు ఏ జీపీఎస్ కొందాం దుర్గయ్యా?"

"ఏదన్న కొనున్రి సార్," అన్నాడు దుర్గయ్య చాయ్ ఊదుకుంటూ. "మైసమ్మ కాడ మాత్రం నేను దిగి నడుస్త."

రాసింది పోశవ్వ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది గౌలిగూడలో, బిడ్డ దగ్గర.